థర్మాకోల్ వద్దు.. అట్టపెట్టె ముద్దు! పాత సామానుతో నాటకం సెట్.. దోమకొండ కోట నేర్పే పాఠం ఏంటంటే?

బడి వార్షికోత్సవం, శివరాత్రి జాగారం నాటకం, జాతరలో యక్షగానం.. సందర్భం ఏదైనా స్టేజీ వెనక ఏదో ఒక సెట్ ఉండాల్సిందే. ఆ సెట్ కోసం థర్మాకోల్ షీట్లు, ఫ్లెక్సీ, గ్లిట్టర్ పేపర్, స్ప్రే పెయింట్ కొంటారు. రెండు గంటల ప్రోగ్రాం అయిపోతుంది. తెల్లారేసరికి అదంతా స్టేజీ వెనక కుప్ప. ఆ తర్వాత చెరువు గట్టుకో, డంపింగ్ యార్డుకో పోతుంది. కొన్నిచోట్ల అక్కడికక్కడే అగ్గిపుల్ల గీసేస్తారు.

ఇదే సెట్‌ను ఊళ్లో దొరికే పాత సామానుతో కట్టలేమా? కట్టొచ్చు. పైగా వీడియోలో ఇంకా బాగా కనిపిస్తుంది కూడా. దీనికి కామారెడ్డి జిల్లా దోమకొండను ఉదాహరణగా తీసుకుందాం. ఎందుకంటే పాతదాన్ని పారేయకుండా నిలబెడితే ఏమవుతుందో ప్రపంచానికి చూపించిన కోట ఆ ఊళ్లోనే ఉంది.

ముందుగా ముఖ్యమైన విషయాలు:

• అలంకరణకు వాడే థర్మాకోల్‌పై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది.
• అట్టపెట్టెలు, గోనె సంచులు, వెదురు, గుడ్ల అట్టలతో కోట గోడ సెట్ కట్టొచ్చు.
• జిగురు, రంగుల ఫార్ములా పక్క జిల్లా చేర్యాలలో ఎప్పటినుంచో ఉంది.
• ఎండుగడ్డి, గోనె, అట్ట తొందరగా అంటుకుంటాయి. నిప్పు విషయంలో రాజీ వద్దు.

థర్మాకోల్‌తో అసలు సమస్య ఏంటి?

థర్మాకోల్ అంటే పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌ను గాలితో ఉబ్బించిన సరుకు. షీటులో 95 శాతానికి పైగా గాలే. అందుకే అంత తేలిక, ధర కూడా తక్కువ. కానీ ఆ తేలికే దాని శాపం. ట్రాలీ నిండా నింపినా తూకం వేస్తే కొన్ని కిలోలే వస్తుంది. డీజిల్ ఖర్చు కూడా రాదు కాబట్టి స్క్రాప్ దుకాణం వాళ్లు తీసుకోరు. మట్టిలో పడితే కుళ్లదు. ముక్కలై, పూసలై గాలికి ఎగిరి మోరీలో, చెరువులో చేరుతుంది. చేపలు, పశువులు మేతతో పాటు వాటినీ మింగుతాయి.

కేంద్రం 2021లో ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలను సవరించింది. దాని ప్రకారం 2022 జులై 1 నుంచి కొన్ని సింగిల్ యూజ్ ప్లాస్టిక్ వస్తువుల తయారీ, అమ్మకం, వాడకం బంద్. ఆ జాబితాలో ప్లాస్టిక్ స్ట్రాలు, గ్లాసులు, ప్లేట్లతో పాటు "అలంకరణకు వాడే థర్మాకోల్" కూడా ఉంది. 100 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లు కూడా ఉన్నాయి. అంటే స్టేజీ మీద థర్మాకోల్ అక్షరాలు, థర్మాకోల్ సింహాసనం పెట్టడమే నిబంధనలకు విరుద్ధం. చాలామందికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

ఫ్లెక్సీ కథ ఇంకోలా ఉంటుంది. అది పాలిస్టర్ గుడ్డకు రెండు వైపులా పీవీసీ పూత పూసిన సరుకు. రెండింటినీ విడదీయడం కష్టం కాబట్టి రీసైక్లింగ్ కూడా కష్టమే.

"కాల్చేస్తే పోద్ది కదా?"

అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. కళ్లు, గొంతు మండేది దానివల్లే. బహిరంగంగా, తక్కువ వేడి మీద కాలితే డయాక్సిన్లు అనే విష పదార్థాలు కూడా పుడతాయి. ఇవి ఒకసారి గాలిలో కలిసి గడ్డి మీద పడితే అక్కడితో ఆగవు. గడ్డి తిన్న బర్రె పాలల్లోకి, ఆ పాలు తాగే మనుషుల్లోకి చేరతాయి. థర్మాకోల్ కాలితే దట్టమైన నల్లపొగ, కార్బన్ మోనాక్సైడ్, స్టైరీన్ వస్తాయి. ఆ పొగను మొదట పీల్చేది ఎవరు? మర్నాడు గ్రౌండ్‌లో ఆడుకునే పిల్లలు, ఊడ్చడానికి వచ్చే పారిశుద్ధ్య కార్మికులు.

2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెత్తను బహిరంగంగా కాల్చొద్దని చెప్పాయి. లైసెన్సు లేని చోట 100 మందికి మించి జనం చేరే కార్యక్రమం పెడితే 3 పనిదినాల ముందే స్థానిక సంస్థకు చెప్పాలని, తడి-పొడి చెత్తను నిర్వాహకులే వేరుచేయాలని కూడా ఆ నిబంధనల్లో పేర్కొన్నారు. అంటే "ప్రోగ్రాం మాది, చెత్త పంచాయతీది" అంటే కుదరదు.

మనవాళ్లకు ఇది కొత్త విద్యేం కాదు

ఎకో-ఫ్రెండ్లీ సెట్ అంటే ఏదో విదేశీ ఐడియా అనుకోవద్దు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా చిందు యక్షగానానికి పెట్టింది పేరు. చిందు ఎల్లమ్మ లాంటి గొప్ప కళాకారిణి ఈ గడ్డ మీదే పేరు తెచ్చుకున్నారు. చిందు ఆటలో పెద్ద సెట్ అంటూ ఉండదు. ఇద్దరు మనుషులు ఒక తెర పట్టుకుంటే పాత్ర ప్రవేశానికి అదే రంగస్థలం. తేలికపాటి కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కళాకారులతో పాటే తిరుగుతాయి. పాడైతే బాగుచేసుకుంటారు తప్ప పారేయరు.

సురభి నాటకాల సంగతీ అంతే. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో కీచకవధ నాటకంతో మొదలైన ఆ సమాజం రంగుల తెరలకు, మాయలకు ప్రసిద్ధి. ఒక దర్బారు తెర, ఒక అడవి తెర, ఒక వీధి తెర.. వీటిని చుట్టి దాచుకుని, ఎన్నో నాటకాల్లో మళ్లీ మళ్లీ దించుతారు. ఈ కుటుంబానికి చెందిన సురభి బాబ్జీకి 2013లో పద్మశ్రీ వచ్చింది. ఒక్కసారి గీసిన తెర వందల ప్రదర్శనలు ఆడితే, ఒక్కో ప్రదర్శనకు పడే చెత్త దాదాపు సున్నా. ఈ రోజు ప్రపంచం "రీయూజ్" అని పిలిచేది దాన్నే.

ఇక చేర్యాల. కామారెడ్డికి ఆనుకుని ఉన్న సిద్దిపేట జిల్లాలోని ఈ ఊరు నకాశీ బొమ్మలకు, కథాపటాలకు పెట్టింది పేరు. ఇక్కడి మాస్కులు, బొమ్మలు దేంతో చేస్తారో తెలుసా? రంపపు పొట్టు, చింతగింజల పిండి. చిన్న మాస్కులకు కొబ్బరి చిప్ప. రెండూ మనం పారేసేవే. పటం కోసం ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చెట్టు బంక, చింతగింజల జిగురు కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరాక ఆ గుడ్డ మీద రంగు చక్కగా నిలబడుతుంది. నాటకం బ్యాక్‌డ్రాప్‌కు ఇంతకంటే మంచి ఫార్ములా ఏముంటుంది?

దోమకొండ కోట చెప్పే మాట

కామినేని వంశీయుల సంస్థానానికి కేంద్రంగా ఉన్న దోమకొండ కోట.. చుట్టూ కందకం, రాతి గోడలు, లోపల మహదేవుని గుడి, పాత భవనాలతో ఉంటుంది. శిథిలమవుతున్న ఈ కోటను పడగొట్టి కొత్తది కట్టలేదు. ఉన్నదాన్నే ఓపికగా బాగుచేశారు. ఆ పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ అవార్డుల్లో అవార్డ్ ఆఫ్ మెరిట్ దక్కింది. అదే ఏడాది గోల్కొండ మెట్లబావులకు కూడా ఈ అవార్డుల్లో గుర్తింపు వచ్చింది.

"కొత్తొక వింత, పాతొక రోత" అంటారు కదా. ఈ కోట విషయంలో ఆ సామెత తిరగబడింది. పాత రాయి, పాత గోడే ఊరికి పేరు తెచ్చాయి. అంత పెద్ద కోటను ఉన్న సామానుతో నిలబెట్టగలిగినప్పుడు, 20 అడుగుల స్టేజీ మీద అట్టపెట్టెలతో ఒక కోట గోడ నిలబెట్టలేమా?

సామాను ఎక్కడ దొరుకుతుంది?

దోమకొండ లాంటి మండల కేంద్రంలో ఒక్క రోజు తిరిగితే చాలు.

• అట్టపెట్టెలు: కిరాణా, మందుల దుకాణాలు. ఫ్రిజ్, కూలర్, టీవీ అమ్మే షాపుల్లో పెద్ద పెట్టెలు దొరుకుతాయి. ఒక పెద్ద పెట్టె పది చిన్న పెట్టెలతో సమానం.
• గోనె సంచులు: వడ్లు అమ్మే సీజన్ అయ్యాక చిరిగిన బారదాన్ రైతుల ఇళ్లలోనే ఉంటుంది.
• వెదురు బొంగులు, తడకలు: పాత పందిళ్లు, ఇల్లు కట్టాక మిగిలిన సెంట్రింగ్ సామాను. కొనాల్సి వస్తే మేదరి వాళ్ల దగ్గరే కొనండి. ఆ డబ్బు ఊళ్లోనే ఉంటుంది.
• గుడ్ల అట్టలు: కోడిగుడ్ల హోల్‌సేల్ షాపు, టిఫిన్ సెంటర్లు.
• పాత చీరలు, దుప్పట్లు: ఏ ఇంటి తలుపు కొట్టినా దొరుకుతాయి. నూలువి అయితే మేలు.
• రంపపు పొట్టు: కట్టె కోత మిషన్ దగ్గర.
• పాత పేపర్లు, నోటు పుస్తకాలు: బడిలోనే.

పంచాయతీ చెత్త వేరుచేసే షెడ్డులో కూడా ఒకసారి అడగండి. 2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంలో ఊరూరా ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు వచ్చాయి. పొడి చెత్తలో మంచి అట్ట పక్కన పెట్టమని ముందే చెబితే సగం పని అయినట్టే. ఒక్కటే జాగ్రత్త.. పురుగుమందు, ఎరువుల సంచులు, డబ్బాలు మాత్రం ముట్టుకోవద్దు. ఎంత కడిగినా పిల్లల చేతికి ఇవ్వకూడనివి అవి.

కోట గోడ.. స్టెప్ బై స్టెప్

రంగస్థలం మీద నిలబెట్టే చదును పలకను "ఫ్లాట్" అంటారు. 8 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు ఉన్న ఫ్లాట్లు ఐదు చేస్తే 20 అడుగుల స్టేజీ వెనక మొత్తం కవర్ అవుతుంది. మధ్యలో ఉన్న ఫ్లాట్‌లో దర్వాజ కోసుకుంటే అదే గడి ముఖద్వారం.

1. ఫ్రేమ్: చీల్చిన వెదురు లేదా పాత కట్టె రీపర్లతో 8x4 చట్రం కట్టాలి. మధ్యలో అడ్డంగా రెండు బద్దలు, మూలల్లో ఏటవాలు బద్దలు తప్పనిసరి. ఏటవాలు బద్ద లేకపోతే చట్రం పక్కకు ఒరిగిపోతుంది. మేకులు తగ్గించి సుతిలి తాడుతో గట్టిగా కడితే తర్వాత విప్పుకోవడం ఈజీ.

2. అట్ట: ఒక ఫ్లాట్‌కు 32 చదరపు అడుగుల అట్ట కావాలి. రెండు పొరలు వేస్తాం కాబట్టి 64. ఇక్కడే అసలు కిటుకు. అట్ట లోపల గీతలు గీతలుగా గొట్టాలు ఉంటాయి కదా. మొదటి పొరలో అవి నిలువుగా ఉంటే రెండో పొరలో అడ్డంగా రావాలి. అట్ట గొట్టాల వెంబడే సులువుగా వంగుతుంది. రెండు దిక్కులా పొరలు వేస్తే ఏ వైపుకూ వంగదు. ప్లైవుడ్ పనిచేసే సూత్రం కూడా ఇదే.

3. జిగురు: చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, నీళ్లలో ఉడికిస్తే చిక్కని జిగురు తయారవుతుంది. టైం లేకపోతే మైదా ఉడికించినా సరే. వాల్‌పోస్టర్లు అంటించే వాళ్లు పురుగు పట్టకుండా మైలతుత్తం కలుపుతారు. పిల్లలు చేసే పనిలో అది కలపొద్దు, అది విషం. కావాల్సినంతే ఉడికించి ఆ రోజే వాడేయండి.

4. రాళ్లు: అట్ట మీద గుడ్ల అట్టల ముక్కలు, నలిపిన పేపరు ఉండలు అతికించి, పైన గోనె గుడ్డ కప్పి జిగురు పూయాలి. పగుళ్లలో రంపపు పొట్టు కలిపిన జిగురు పట్టించాలి. ఆరాక చేయి పెడితే గరుకుగా రాతిగోడలాగే ఉంటుంది. పూర్తిగా ఆరడానికి మంచి ఎండలో కనీసం రెండు రోజులు వదిలేయండి. వానాకాలంలో ఇంకా ఎక్కువ.

5. రంగు: ముందు సుద్దమట్టిలో బంక కలిపి ఒక పూత. ఎరుపుకు జాజు, పసుపు రంగుకు పసుపు, నలుపుకు బొగ్గు పొడి, నీలానికి బట్టలకు వాడే నీలిమందు. గడప మీద, అరుగు మీద అమ్మలు వేసే రంగులే ఇవి. రాతి గోడకు ఒకే బూడిద రంగు వేస్తే చచ్చిపోయినట్టుంటుంది. మూడు నాలుగు ఛాయలు పాత గుడ్డతో అద్దితే జీవం వస్తుంది.

6. నిలబెట్టడం: ప్రతి ఫ్లాట్ వెనక త్రికోణంలో ఊత కర్ర ఉండాలి. ఊత మొదట్లో ఇసుక నింపిన పాత పెయింట్ బకెట్ పెట్టాలి. ఆరుబయట స్టేజీ అయితే గాలికి ఫ్లాట్ తెరచాపలా పనిచేస్తుంది. అందుకే ఫ్లాట్లను ఒకదానితో ఒకటి కట్టి, వెనక పందిరి గుంజలకు కూడా కట్టేయండి.

వీడియోలో ఎలా కనిపిస్తుంది?

ఇప్పుడు ప్రతి ప్రోగ్రాం ఫోన్‌లోనే రికార్డవుతోంది, వాట్సాప్ స్టేటస్‌లోకి పోతోంది. తెల్లని థర్మాకోల్, మెరిసే గ్లిట్టర్ మీద లైటు పడితే ఫోన్ కెమెరాలో అంతా తెల్లగా కాలిపోయినట్టు వస్తుంది. వెనక తెలుపు ఎక్కువైతే ఆటో మోడ్‌లో ఉన్న ఫోన్ మొత్తం ఫ్రేమ్‌ను చీకటి చేస్తుంది. దాంతో పిల్లల ముఖాలు నల్లగా వస్తాయి. గోనె, మట్టి రంగులు లైటును తిప్పికొట్టవు. ముఖాలు క్లియర్‌గా వస్తాయి.

ఇంకో చిట్కా. లైటు ఎదురుగా కాకుండా పక్క నుంచి పడేలా పెట్టండి. గుడ్ల అట్టల ఎత్తుపల్లాల నీడలు గోడ మీద పడి నిజం రాతిగోడలా కనిపిస్తుంది. 20 అడుగుల దూరంలో కూర్చున్న ప్రేక్షకుడికి చిన్న చిన్న వివరాలు ఎలాగూ కనిపించవు. కాబట్టి సన్నని డిజైన్ల మీద టైం వేస్ట్ చేయొద్దు. పెద్ద ఆకారం, మంచి నీడ.. ఈ రెండూ ఉంటే చాలు.

నిప్పుతో జాగ్రత్త.. డబ్వాలీని మర్చిపోవద్దు

1995 డిసెంబర్ 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక బడి వార్షికోత్సవంలో పందిరికి మంటలు అంటుకున్నాయి. 400 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది పిల్లలే. పైన కట్టిన సింథటిక్ గుడ్డ కాలుతూ, కరుగుతూ జనం మీద పడింది. బయటికి పోయే దారి చాల్లేదు.

ఇది రెండు వైపులా పాఠం. ప్లాస్టిక్, సింథటిక్ గుడ్డ ప్రమాదకరం. అలాగని అట్ట, గోనె, వరిగడ్డి సేఫ్ అని కాదు. అవి ఇంకా తొందరగా అంటుకుంటాయి. అందుకే పర్యావరణం పేరు చెప్పి ఈ జాగ్రత్తలు వదిలేస్తే మొదటికే మోసం.

• సెట్ మీద, సెట్ దగ్గర దీపాలు, కాగడాలు, కర్పూరం, పటాకులు వద్దే వద్దు. దీపం కావాలంటే బ్యాటరీ లైటు పెట్టండి.
• వేడెక్కే హాలోజన్ల బదులు ఎల్‌ఈడీలు వాడండి. ఏ లైటూ సెట్‌కు ఆనకూడదు.
• వైర్లకు అతుకులు ఉంటే గోనె మీద నుంచి లాగొద్దు. కరెంటు పని తెలిసిన మనిషితోనే చేయించండి.
• స్టేజీకి రెండు వైపులా నీళ్ల బకెట్లు, ఇసుక బకెట్లు పెట్టండి. కరెంటు మంట మీద నీళ్లు పోయొద్దు.. ముందు మెయిన్ ఆపి ఇసుక చల్లాలి.
• జనం బయటికి పోయే దారులు కనీసం రెండు ఉండాలి. వాటికి అడ్డంగా కుర్చీలు, బండ్లు పెట్టొద్దు.
• వరిగడ్డి తప్పనిసరి అనిపిస్తే కొంచెమే, స్టేజీ ముందు భాగంలో, లైట్లకు దూరంగా పెట్టండి.

పేరుకే "ఎకో".. ఇవి గమనించండి

కొన్ని సెట్లు చూడ్డానికి ప్రకృతిలా ఉంటాయి కానీ లెక్క వేరు. సెట్ కోసమే కొత్త గోనె గుడ్డ తాను కొనుక్కొచ్చి ఒక్కరోజు వాడి పారేస్తే అది రీసైక్లింగ్ కాదు. సిమెంటు బస్తాలు చాలావరకు ప్లాస్టిక్ నేతవే. వాటిని కత్తిరిస్తే దారాలు ఊడి నేలంతా పరుచుకుంటాయి. ఇసుక నింపడానికి అలాగే వాడుకోండి, కత్తిరించొద్దు. ప్లాస్టిక్ బాటిళ్లకు స్ప్రే పెయింట్ కొట్టి పూలు చేస్తే చూడ్డానికి బాగుంటాయి. కానీ రంగు పూసిన బాటిల్‌ను స్క్రాప్ వాళ్లు తీసుకోరు. అప్పటిదాకా రీసైకిల్ అయ్యే బాటిల్‌ను మనమే చెత్తగా మార్చినట్టు. అట్టకు ప్లాస్టిక్ టేపు చుట్టేసినా అంతే. చచ్చిపోతుందని తెలిసీ పచ్చి కొమ్మలు నరికి అడవి సెట్ వేయడం అయితే మరీ అన్యాయం. కుండీల మొక్కలు తెచ్చి పెట్టి, తర్వాత బడిలో నాటుకోండి.

మరి ఇంట్లో ఉన్న పాత ఫ్లెక్సీ? ఇప్పటికే ఉన్నదాన్ని పారేయడం కంటే వాడటమే మేలు. బొమ్మ ఉన్న వైపు కిందికి తిప్పి, రంగులు వేసేటప్పుడు నేల మీద పరచడానికి, ఫ్లాట్లు వానకు తడవకుండా కప్పడానికి ఉంచుకోండి. లైట్ల దగ్గరకు మాత్రం తీసుకెళ్లొద్దు.

ప్రపంచం ఏం చేస్తోంది?

న్యూయార్క్‌లో 2008లో బ్రాడ్‌వే గ్రీన్ అలయన్స్ మొదలైంది. పాత బల్బుల స్థానంలో కరెంటు తక్కువ తాగే బల్బులు పెట్టించడం దాని మొదటి పనుల్లో ఒకటి. బ్రిటన్‌లో 2021లో "థియేటర్ గ్రీన్ బుక్" అనే మార్గదర్శి వచ్చింది. దాని మొదటి మెట్టు చాలా సింపుల్. సెట్‌లో వాడే సామానులో సగం ఇదివరకు వాడిందో, రీసైకిల్ అయిందో అయ్యుండాలి. ప్రదర్శనలు ముగిశాక 65 శాతం మళ్లీ వాడకానికో, రీసైక్లింగ్‌కో పోవాలి.

ఈ లెక్కను మన బడి స్టేజీకి కూడా పెట్టుకోవచ్చు. సెట్‌లో పది వస్తువులుంటే అయిదు పాతవి కావాలి, ఆరేడు మళ్లీ పనికిరావాలి. చిందు మేళం, సురభి నాటకం ఈ పరీక్ష రాస్తే ఫస్ట్ క్లాస్‌లోనే పాసవుతాయి.

ఖర్చు తగ్గుతుందా?

సామాను ఖర్చు తగ్గుతుంది. టైం మాత్రం ఎక్కువ పడుతుంది. థర్మాకోల్ సెట్ ఒక్క రాత్రిలో అయిపోతుంది, ఇది కాదు. సామాను పోగు చేయడానికి ఒక వారం, కట్టడానికి, అతికించడానికి ఒక వారం, ఆరడానికి, రంగులకు ఇంకో వారం పెట్టుకోండి. మూడు వారాల ముందు మొదలుపెడితే హడావిడి ఉండదు. పిల్లల చేత చేయించేటప్పుడు కత్తి, రంపం పని పెద్దవాళ్లదే. చింపడం, అతికించడం, రంగులు వేయడం పిల్లలది. బడిలో ఇది డ్రాయింగ్, సైన్స్, లెక్కలు.. మూడు సబ్జెక్టుల ప్రాజెక్టు అవుతుంది.

నాటకం అయిపోయాక..

అసలు పరీక్ష తెర పడ్డాకే. సెట్ ఎలా విప్పాలో కట్టేముందే అనుకోవాలి.

• ఫ్లాట్లు పగలగొట్టకుండా బడిలోనో, కమ్యూనిటీ హాల్‌లోనో గోడకు నిలబెట్టి దాచండి. నేలకు తగలకుండా కింద ఇటుకలు పెట్టండి, లేకపోతే చెదలు పడుతుంది. వచ్చే ఏడాది రంగు మారిస్తే కోట గోడే దర్బారు అవుతుంది.
• దాచే చోటు లేకపోతే పక్క ఊరి బడికి ఇచ్చేయండి. నాలుగైదు ఊళ్ల బడులు కలిసి ఒకే సెట్‌ను తిప్పుకోవచ్చు.
• తాడు విప్పితే వెదురు పందిరికి, కూరగాయల తీగలకు పనికొస్తుంది.
• రసాయన రంగు, టేపు లేని అట్ట, గోనె, పేపరు తడిపి ముక్కలు చేసి కంపోస్ట్ గుంతలో వేయొచ్చు. పొడిగా ఉన్న అట్ట స్క్రాప్‌కు అమ్మొచ్చు.
• ఏదీ తగలబెట్టొద్దు.

మట్టి గణపతి మొదలైనప్పుడు కూడా "ఇంత చిన్నగా ఉంటే ఎవరు చూస్తారు" అన్నవాళ్లున్నారు. ఇప్పుడు ఇంటింటికీ మట్టి గణపతి వస్తున్నాడు. మీ ఊళ్లో వచ్చే వార్షికోత్సవానికి ఒక్క ఫ్లాట్‌తో మొదలుపెట్టి చూడండి. థర్మాకోల్ షీటు కోసం బజారుకు పోయే ముందు ఒక్కసారి కిరాణా కొట్టు వెనక ఉన్న అట్టపెట్టెల కుప్ప వైపు చూడండి. మీ కోట గోడకు కావాల్సిన సరుకు అక్కడే ఉంది.